ఫొటో కోసం వెళ్లిన ఇళ్లు

పత్రికలో కొత్తగా చేరినవాడికి మొదట అప్పజెప్పే పని ఒకటుండేది. చనిపోయినవాళ్ల ఇంటికెళ్లి ఫొటో తేవడం. 1980ల మధ్యలో నేను సూర్యాపేట నుంచి వచ్చి, చిక్కడపల్లిలో ఒక మేడ మీద గది తీసుకుని, ఒక తెలుగు దినపత్రికలో క్రైమ్ రిపోర్టర్‌గా చేరినప్పుడు నాకు దొరికిందీ అదే. సీనియర్లు ఠాణాకు వెళ్లి ఇన్‌స్పెక్టర్ చెప్పింది రాసుకొచ్చేవాళ్లు. నేను సైకిలేసుకుని ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయేవాణ్ని. పాతబస్తీ గల్లీలు, రసూల్‌పురా గుడిసెలు, ఎల్బీనగర్ దాటాక అప్పుడప్పుడే లేస్తున్న ప్లాట్లు, ముషీరాబాద్ వెనక పెంకుటిళ్లు. హైదరాబాద్ నాకు పరిచయమైంది ఇలాగే. గోల్కొండ కోట ఎక్కకముందే బన్సీలాల్‌పేట శ్మశానం చూశాను.

సాయంత్రం ఆరు దాటితే మా రౌండ్ మొదలయ్యేది. ముందు కంట్రోల్ రూమ్‌కు ఫోను. ఆ తర్వాత అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఔట్‌పోస్ట్. టైముంటే గాంధీ కూడా. అప్పట్లో గాంధీ ఆస్పత్రి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండేది. ఇప్పుడున్న చోట ముషీరాబాద్ జైలు ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్ 1న, నక్సలైట్ ఉద్యమంలోని భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరితీసింది ఆ జైల్లోనే. దాన్ని పడగొట్టి ఆస్పత్రి కట్టాక 2003లో గాంధీ అక్కడికి మారింది. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడే జనానికి తాము ఎక్కడ నిలబడ్డామో చెప్పేవాళ్లు లేరు.

ఔట్‌పోస్ట్ అంటే చిన్న గది, ఒక టేబుల్, ఒక హెడ్ కానిస్టేబుల్, అట్ట చిరిగిన పెద్ద రిజిస్టర్. దెబ్బలతో, కాలిన గాయాలతో, విషం తాగి వచ్చినవాళ్ల వివరాలన్నీ అందులోకి ఎక్కేవి. పేరు, తండ్రి పేరు, వయసు, ఎవరు తీసుకొచ్చారు, ఎన్ని గంటలకు. కొన్ని పేర్ల పక్కన ఎర్ర ఇంకుతో చిన్న గీత ఉండేది. ఆ గీత పడిందంటే ఆ మనిషిని వార్డు నుంచి మార్చురీకి మార్చినట్టు. మా పని ఆ ఎర్రగీతలతోనే. నన్ను చూడగానే హెడ్ సాబ్ "ఆజ్ చార్ హై, మియా. ఏక్ కా కోయీ నహీ ఆయా" అనేవాడు. ఎవరూ రాని ఆ ఒక్కరి గురించే ఎక్కువసేపు మాట్లాడుకునేవాళ్లం. చేతి మీద పచ్చబొట్టు ఉందా, చొక్కా కాలరు మీద టైలర్ లేబుల్ ఉందా, జేబులో బస్సు టికెట్ ఉందా. టైలర్ లేబుల్ పట్టుకుని ఊరు కనుక్కుని, ఆ ఊరి ఠాణాకు ట్రంక్‌కాల్ చేసి, మర్నాడు సాయంత్రానికల్లా తల్లిదండ్రులను రప్పించిన కానిస్టేబుల్‌ను చూశాను. ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు, అతనూ ఎదురుచూడలేదు. పోలీసుల మీద నాకు బోలెడు కోపాలున్నాయి గానీ, అలాంటివాళ్లను తలుచుకుంటే మాత్రం చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మా చీఫ్ రిపోర్టర్‌ను అందరం పెద్దాయన అనేవాళ్లం. ఆయనకొక పట్టుదల ఉండేది. వయసు, ఊరు, చేసే పని, ఇంట్లో ఎవరెవరున్నారు, ఈ నాలుగూ లేకుండా హత్య వార్త తీసుకునేవాడు కాదు. "గుర్తు తెలియని దుండగులు పొడిచి చంపారని రాస్తారు. చంపినవాళ్లు గుర్తు తెలియదు, సరే. పోయినాయన కూడా గుర్తు తెలియదా?" అని జూనియర్లందరినీ అడిగేవాడు. ఇచ్చిన ఫొటో మర్నాడు తిరిగి ఇవ్వాల్సిందేనన్నది ఆయన పెట్టిన ఇంకో రూలు. ఎంత దూరమైనా సరే, మనిషి వెళ్లి ఇవ్వాలి.

ఏడుస్తున్న ఇంట్లో ఫొటో ఎలా అడగాలో ఎవరూ నేర్పరు. చుట్టాల్లో కాస్త తేరుకున్నవాళ్లను, ఒక బావమరిదినో పక్కింటి పెద్దమనిషినో, చూసుకుని నెమ్మదిగా అడగాలి. చిత్రమేమిటంటే, తిట్టి పంపినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవాళ్లు. ఎవరో ఒకరొచ్చి తమ మనిషి గురించి అడిగారు కదా అన్న ఆశ కావచ్చు. గట్టిగా అడిగితే రెండు మాటలు చెబుతారనుకుంటాం, అరగంట చెప్పేవాళ్లు. ఏం తినేవాడు, ఎవరితో గొడవ పడ్డాడు, పోయిన పండక్కి ఏ రంగు చొక్కా కొనుక్కున్నాడు. పేపర్లో అవేవీ పట్టవు. అయినా వినాలి.

1990 డిసెంబర్లో ఈ ఊళ్లో ఉన్నవాళ్లు ఆ నెలను మర్చిపోలేరు. మత కలహాలు, కర్ఫ్యూ, రాత్రంతా అటూ ఇటూ నినాదాలు, పొద్దున్నే పుకార్లు. వందమందికి పైగా చనిపోయారు. ఆ నెలలోనే ముఖ్యమంత్రి చెన్నారెడ్డి రాజీనామా చేశారు. మెడలో కర్ఫ్యూ పాస్ వేసుకుని తిరిగే మాకు ఒక విషయం రోజూ కళ్లకు కట్టేది. ఉస్మానియాకు వచ్చిన కత్తిపోట్లలో ఎక్కువమంది గొడవతో ఏ సంబంధమూ లేనివాళ్లు. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో పాలకో, కూలికో, మందులకో బయటికొచ్చి, ఒంటరిగా దొరికిపోయినవాళ్లు. రెండు మతాలవాళ్లూ ఉన్నారు. ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగనివాళ్లే బయటికొచ్చారు, వాళ్లే పోయారు.

అలా పోయినవాళ్లలో ఒకాయన ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి బస్తాలు మోసేవాడు. ఇంట్లో ఒకే ఒక్క ఫొటో ఉంది. నాంపల్లి నుమాయిష్‌లో దిగింది. అట్టతో చేసిన విమానంలో భార్యాభర్తలిద్దరూ కూర్చుని, వెనక నీలిరంగు తెర మీద మబ్బులు. ఆయన నవ్వుతున్నాడు. ఆమె కొంగు పళ్లతో పట్టుకుని కెమెరా వైపు కాకుండా ఆయన వైపు చూస్తోంది. ఫ్రేమ్ వెనక మేకులు చాకుతో లేపి ఫొటో నా చేతికిస్తూ ఆమె ఒక్కటే అడిగింది. "ఇద్దరం కల్సి దిగింది గిదొక్కటే సారూ. నన్ను కత్తిరియ్యకుర్రి."

ఆ రోజుల్లో డెస్క్‌లో ఫొటోలను కత్తెరతో నిర్దాక్షిణ్యంగా కోసేసేవాళ్లు. మా ఆర్టిస్టుకు ఆమె మాట చెప్పాను. ఆయన ఏమీ అనకుండా తెల్లకాగితం ఒకటి ఆమె ఉన్నంతమేర కత్తిరించి, ఫొటో మీద పరిచి, అలాగే కెమెరా కింద పెట్టాడు. ఫొటో మీద గీత కూడా పడలేదు. కర్ఫ్యూ పూర్తిగా ఎత్తేశాక తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఆమె ఊరికి వెళ్లిపోయిందన్నారు. అడ్రసు కనుక్కుని ఆ ఊరిదాకా వెళ్లి ఇచ్చి వచ్చాను. ఆఫీసులో బస్సు ఛార్జీలు పెద్దాయనే ఇప్పించాడు.

పని అయ్యాక కాచిగూడ వైపు ఒక ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. పెద్దాయన ఊరి పాత సంగతులు చెప్పేది అక్కడే. షోయబుల్లా ఖాన్ గురించి మొదటిసారి విన్నది ఆ టేబుల్ దగ్గరే. మహబూబాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపినవాడు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని రాశాడు, రజాకార్ల దౌర్జన్యాలను వేలెత్తి చూపాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుంటే కాచిగూడలో వెనక నుంచి కాల్చి, రాసే చేతిని నరికేశారు. తోడున్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చేతినీ నరికారు. తెల్లవారేలోపే షోయబుల్లా కన్నుమూశాడు. అప్పటికి 27 ఏళ్లు. నెల తిరగకుండానే సెప్టెంబర్ 17న సంస్థానం లొంగిపోయింది.

పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు షోయబుల్లా దగ్గర ఆగేవాడు కాదు. ఇస్మాయిల్ ఖాన్ గురించి కూడా చెప్పేవాడు. "ఆయన బతికాడయ్యా. చెయ్యి లేకుండా బతికాడు. పోయినవాళ్లకు వర్ధంతులుంటాయి, బతికినవాళ్లకు ఏముంటుంది?" ఆ మాట విన్నాకే నేను ఆస్పత్రిలో గాయపడ్డవాళ్ల మంచాల దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడటం మొదలుపెట్టాను.

నల్లకుంట సంగతి కూడా ఆయన నోటే విన్నాను. 1978 మార్చి. భార్యతో కలిసి రాత్రి సినిమా చూసి వస్తున్న రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్. పోలీసులు ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ ఆమె మీద అత్యాచారం జరిగింది. అడగడానికి వెళ్లిన భర్తను కొట్టారు, ఆయన చనిపోయాడు. ఊరు ఊరంతా భగ్గుమంది. జనం స్టేషన్ మీద పడ్డారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, 1981లో అక్కడి కోర్టు వాళ్లను వదిలేసింది. ఈలోపు ఆమె నడత మంచిది కాదని రుజువు చేయడానికి చేయని ప్రయత్నం లేదు. ఆ కేసూ, మహారాష్ట్రలో ఇలాగే ఠాణాలో పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన మథుర కేసూ కలిసి దేశమంతా ఆడవాళ్లను రోడ్ల మీదికి తెచ్చాయి. 1983లో అత్యాచార చట్టం మారింది, బాధితురాలి పేరు అచ్చువేయకూడదన్న సెక్షన్ అప్పుడే వచ్చింది. ఆమె పేరుతోనే ఆ కేసును ఇప్పటికీ పిలుస్తారు. నేను మాత్రం నల్లకుంట కేసనే అంటాను. ఇకముందూ అంతే.

చిక్కడపల్లి గది నుంచి ఆఫీసుకు వెళ్తుంటే నారాయణగూడ చౌరస్తాలో కొత్వాల్ వెంకట్రామారెడ్డి విగ్రహం కనిపించేది. నిజాం కాలంలో, 1920 నుంచి 1934 వరకూ, ఈ నగరానికి కొత్వాల్. అంటే పోలీసు కమిషనర్. ఆ పదవికొచ్చిన మొదటి హిందువు. అంతకంటే ఎక్కువగా ఆయన్ను గుర్తుపెట్టుకోవాల్సింది 1918లో పెట్టిన రెడ్డి హాస్టల్‌కు, ఆడపిల్లల చదువు కోసం చేసిన పనికి. పల్లెల నుంచి చదువుకోవడానికొచ్చిన తెలుగు పిల్లలకు ఈ ఊళ్లో తలదాచుకునే చోటు లేదని ఒక పోలీసు అధికారికి పట్టింది చూడండి.

పోలీసు విగ్రహం అంటే ఈ తరానికి ఎస్సార్ నగర్ చౌరస్తాయే. 1999 సెప్టెంబర్ 4 ఉదయం అక్కడ సిగ్నల్ దగ్గర కారాగింది. అందులో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర ఉన్నారు. పీపుల్స్‌వార్ దళం వాళ్లు కాల్పులు జరిపారు. ఆయన చేతిలో ఆయుధం లేకపోయినా కారు దిగి కాల్చినవాళ్ల వెంటపడ్డారు, రోడ్డు మీదే కూలిపోయారు. నిండా 35 ఏళ్లు లేవు. ఆయనతోపాటు గన్‌మన్, డ్రైవర్ కూడా పోయారు. ఆ మధ్యాహ్నం ఫొటో కోసం వెళ్లాల్సిన ఇళ్లు మూడు. ఒక ఇంటి ముందు రాష్ట్రంలోని పత్రికలన్నీ ఉన్నాయి. మిగతా రెండు ఇళ్ల వైపు నాకెక్కువమంది కనిపించలేదు. ఎస్సార్ నగర్ మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ విగ్రహానికి మనసులో దండం పెట్టుకుంటాను. పక్కన ఒక పలక మీద ఆ ఇద్దరి పేర్లూ ప్రతి బస్సు ప్రయాణికుడికీ కనిపించేంత పెద్దగా ఉండాలని నా కోరిక.

అంతకు రెండేళ్ల ముందు, 1997 నవంబర్ 19న, జూబ్లీహిల్స్‌లో రామానాయుడు స్టూడియో దగ్గర కారు బాంబు పేలింది. పరిటాల రవి కోసం పెట్టింది. ఆయన బతికారు, 26 మంది చనిపోయారు. సినిమా ముహూర్తాన్ని చిత్రీకరించడానికి వెళ్లిన ఈటీవీ బృందం అందులో ఉంది. అనంతపురం ఫ్యాక్షన్‌తో వాళ్లకేం సంబంధం? పొద్దున అసైన్‌మెంట్ షీటులో పేరు పడింది, కెమెరా భుజానేసుకుని వెళ్లారు. మేమంతా ప్రెస్‌మీట్లలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లం, ఒకరి పెన్ను ఒకరు అడుక్కున్నవాళ్లం. ఆ రోజు ఎవరి ఫొటో కోసమూ ఏ ఇంటికీ వెళ్లనక్కర్లేకపోయింది. మా సొరుగుల్లోనే ఉన్నాయి, పిక్నిక్కుల్లో దిగినవి. ఆ రాత్రి వార్త రాయడానికి కూర్చుంటే వయసు దగ్గరా ఊరు దగ్గరా ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. అన్నీ తెలుసు. అంత కష్టంగా ఇంకే కాపీ రాయలేదు.

రక్తం కనపడని నేరాల్లో ఫొటోలు అడగరు. 2000ల మొదట్లో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలినప్పుడు, 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కల్లో వేల కోట్ల బొంకు ఉందని తనే లేఖ రాసినప్పుడు, మా బీట్‌లో సగంమంది అది బిజినెస్ పేజీ వాళ్ల పని అనుకున్నారు. బ్యాంకు మూతపడ్డ రోజుల్లో ఒక బ్రాంచి షట్టర్ ముందు రిటైర్డ్ టీచరమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో పాస్‌బుక్, దానికి పాలిథీన్ కవరు అట్ట. ముందు రోజు వచ్చింది, ఆ రోజూ వచ్చింది, మర్నాడూ వస్తానంది. "చిన్నదాని పెళ్లి కోసం నాయనా" అంది. ఆమెను ఎవరూ కత్తితో పొడవలేదు. కానీ ఆ షట్టర్ తెరుచుకోదని తెలిశాక ఆమె నిలబడిన తీరు, నడిచిన తీరు నేను ఉస్మానియా వరండాల్లో చాలాసార్లు చూసినవే. ఇప్పుడు డిజిటల్ అరెస్టంటూ ఫోన్లో బెదిరించి ముసలివాళ్ల ఖాతాలు ఊడ్చేస్తున్నారు. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటున్నారు, చేయాలి కూడా. సిగ్గుపడి పిల్లలకు కూడా చెప్పకుండా దాచుకునేవాళ్లే ఎక్కువ. బాధితుడు సిగ్గుపడటమేమిటి?

2007 ఈ ఊరికి మంచి ఏడాది కాదు. మే 18 శుక్రవారం, మక్కా మసీదులో ప్రార్థనల వేళ బాంబు పేలి 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది పోయారు. వెంటనే పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. వాళ్ల ఫొటోలు పేపర్లలో, టీవీల్లో ఉగ్రవాదులని వచ్చాయి. కోర్టులు నిర్దోషులన్నాక 2012లో ప్రభుత్వం కొందరికి పరిహారం చెక్కులు కూడా పంచింది. అలాంటి ఒక కుర్రాడి తండ్రిని ఆటో స్టాండు దగ్గర కలిశాను. కొడుకు జైల్లో ఉన్నన్నాళ్లూ గిరాకీ ఎక్కేది కాదట, ఆటో వెనక రాసుకున్న కొడుకు పేరు చెరిపేయాల్సి వచ్చిందట. నా దృష్టిలో వాళ్లూ ఆ పేలుడు బాధితులే. అసలు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగుర్నీ 2018 ఏప్రిల్‌లో కోర్టు విడుదల చేసింది. అంటే మసీదులో చనిపోయినవాళ్లను ఎవరు చంపారో చట్టప్రకారం ఈ రోజుకీ తేలలేదు.

అదే ఏడాది ఆగస్టు 25, శనివారం సాయంత్రం. లుంబినీ పార్కులో లేజర్ షో, కాసేపటికే కోఠీలో గోకుల్ చాట్. 40 మందికి పైగా పోయారు. లుంబినీలో చనిపోయినవాళ్లలో మహారాష్ట్రలోని సంగమ్‌నేర్ నుంచి కాలేజీ టూర్‌కు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పెట్టిన మూడో బాంబు పేలకముందే దొరికింది. ఆ రాత్రి ఉస్మానియా మార్చురీ ముందు మరాఠీ వచ్చినవాళ్ల కోసం వెతికాం. బేగంబజార్ నుంచి ఒక బట్టల వ్యాపారి తనంతట తానే వచ్చి, తెల్లవారేదాకా ఫోన్లు పట్టుకుని ఊళ్లో తల్లిదండ్రులతో మాట్లాడుతూనే ఉన్నాడు. పొద్దున టీ తాగుదాం రమ్మంటే వద్దన్నాడు.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్‌స్టాప్ దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. ఆ ప్రాంతం తెలిసినవాళ్లకు ఆ టైమ్ ఎలాంటిదో తెలుసు. సాయంత్రం ఏడు అంటే కోచింగ్ క్లాసు వదిలి, హాస్టల్లో భోజనానికి ముందు మిర్చీ తినడానికో, బస్సెక్కడానికో రోడ్డు మీదికి వచ్చే వేళ. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం పిల్లలతో ఆ ఫుట్‌పాత్ కిటకిటలాడుతుంది. నేను సూర్యాపేట బస్సెక్కేదీ అటువైపే. ఒక హాస్టల్ గదికి వెళ్తే మంచం మీద జీకే పుస్తకం తెరిచి బోర్లించి ఉంది. రూమ్మేట్ హాల్‌టికెట్ తీసిచ్చాడు. ఫొటో మూల మీద గుండ్రటి స్టాంపు పడి ఉంది. దాన్ని ఊడదీయడానికి అతనికి చేతులు రాలేదు. హాల్‌టికెట్ మొత్తాన్నీ ఫొటో తీసుకుని వచ్చేశాను. ఆ కుర్రాడి నాన్న మర్నాడు పొలం నుంచి వచ్చిన బట్టలతోనే వచ్చాడు. ఆయన పరీక్ష ఎప్పుడని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు.

ఆ కేసులో 2016 డిసెంబర్లో అయిదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2007 నాటి లుంబినీ, గోకుల్ చాట్ జంట పేలుళ్ల కేసులోనైతే తీర్పుకు పదకొండేళ్లు పట్టింది. 2018 సెప్టెంబర్లో ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం. సరిగ్గా ఆ వారమే పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు పడ్డారు. వెంటిలేటర్‌లోంచి దిగి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసర్, స్పూను ఎత్తుకెళ్లారు. వారం తిరిగేసరికి దొరికారు. దొంగల్లో ఒకడు ఆ డబ్బాలో అన్నం తిన్నాడని పోలీసులు చెప్పగానే టీవీలన్నీ డబ్బా చుట్టూనే తిరిగాయి. ఆసక్తికరమైన దొంగతనమే, ఒప్పుకుంటాను. కానీ గోకుల్ చాట్‌లో కళ్లు పోగొట్టుకున్నవాళ్లు, కూతుర్ని పోగొట్టుకున్నవాళ్లు పదకొండేళ్లు ఎదురుచూసిన తీర్పు అది. ఆ వారం వాళ్ల ఇళ్లకు ఎన్ని కెమెరాలు వెళ్లాయి? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఫొటో వేయకూడని సందర్భాలూ ఉంటాయి. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన ఘోరం అందరికీ తెలిసిందే. పోలీసులు ఆమెను 'దిశ' అని పిలవమని చెప్పేలోపే ఆమె పేరు, ముఖం లక్షల ఫోన్లలోకి వెళ్లిపోయాయి. నివాళి అనుకునే పంపారు చాలామంది. నాకూ వచ్చింది, మా కాలనీ గ్రూపులో. తీసేయమని అడిగితే "మంచి ఉద్దేశంతోనే పెట్టాం కదా అంకుల్" అన్నారు. ఆ అమ్మానాన్నల స్థానంలో ఉండి ఆలోచించమన్నాను, తీసేశారు. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ 2022లో చెప్పింది. కోర్టులో నడవాల్సిన కేసు అక్కడితో ఆగిపోయింది. నల్లకుంట నుంచి చటాన్‌పల్లి దాకా చూసినవాణ్ని, పూలు చల్లడానికి నాకు చెయ్యి రాలేదు.

మా పాత సహోద్యోగి కూతురు ఇప్పుడు ఒక పత్రికలో క్రైమ్ చూస్తోంది. ఆ మధ్య రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. తాగి కారు నడిపినవాడు ఉప్పల్ వైపు ఒక డెలివరీ కుర్రాణ్ని గుద్ది వెళ్లిపోయాడట. "బాబాయ్, ఫొటో గ్రూపులో వచ్చేసింది. పేరూ వచ్చేసింది. ఇంక వెళ్లాలంటావా?" అంది. వెళ్లమన్నాను. అలసిపోయి ఉందని గొంతు చెబుతూనే ఉంది, అయినా వెళ్లింది.

వెళ్తే తేలిందేమిటంటే, గ్రూపుల్లో తిరుగుతున్న ఫొటో పోయినవాడిది కాదు, తమ్ముడిది. డెలివరీ ఐడీ తమ్ముడి పేరు మీద ఉంది. వాడికి కాలేజీ ఉన్న రోజుల్లో అన్న ఆ ఫోన్ పట్టుకుని బండి నడిపేవాడు. తన ఫొటోకు దండ వేసి ఉన్న పోస్టు చూసుకుంటూ తమ్ముడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడట. మర్నాడు రెండు చోట్ల తమ్ముడే చనిపోయినట్టు వచ్చింది. ఈ అమ్మాయి రాసిన వార్తలో అన్న పేరు, అన్న ఫొటో వచ్చాయి. ఐడీ వేరేవాళ్లది కాబట్టి పరిహారం రాదని కంపెనీ అంటోంది. కారు నడిపినవాడికి బెయిలొచ్చింది. మొన్న కోర్టులో వాయిదా ఉంటే ఆ అమ్మాయి వెళ్లింది, తమ్ముడు కూడా వచ్చాడు. వచ్చే నెలకు మళ్లీ వాయిదా వేశారు.